మోడల్ విమానం రంగు దెబ్బతింటే: కోరాపుట్ తేమలో మరమ్మతు ఎలా చేయాలి

ఒడిశాలోని సునాబెడ, సెమిలిగుడ, కోరాపుట్, జయపురం పట్టణాల్లో తెలుగు కుటుంబాల ఇళ్లకు వెళ్లినప్పుడు షోకేసు అద్దం వెనుక చిన్న మిగ్-21 యుద్ధవిమానం బొమ్మ కనిపిస్తే ఆశ్చర్యపడనక్కరలేదు. సునాబెడలో 1964లో మొదలైన హెచ్ఏఎల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) ఇంజన్ల విభాగం పుట్టిందే ఆ విమానానికి ఇంజన్లు తయారు చేయడానికి. తరువాత మిగ్-29, సుఖోయ్-30 ఇంజన్లు కూడా అక్కడి నుంచే వెళ్లాయి. తాతో తండ్రో ఆ కర్మాగారంలో పనిచేసిన ఇంట్లో ఆ బొమ్మను ఆటవస్తువుగా ఎవరూ చూడరు. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వైమానిక దళం మిగ్-21కు వీడ్కోలు పలికింది. ఇక మన వైమానిక దళంలో అసలు విమానం ఎగరదు కాబట్టి ఇంట్లో ఉన్న చిన్నదాన్ని బాగా చూసుకోవాలని అనిపించడం సహజం.

షోకేసులో పెట్టినంత మాత్రాన రంగు పదిలంగా ఉండదు. దులిపేటప్పుడు రెక్క అంచు గోడకు తగులుతుంది. పిల్లల చేతి చెమట మరకై నిలిచిపోతుంది. వానాకాలంలో పైపూత తెల్లబారుతుంది, పాత రంగు పెచ్చులు లేస్తుంది. వీటిలో దాదాపు అన్నింటినీ ఇంట్లోనే సరిచేయవచ్చు. ఇక్కడ చెప్పేది ప్రధానంగా ప్లాస్టిక్ కిట్‌తో కట్టిన మోడళ్ల గురించి. చెక్క, లోహపు మోడళ్ల సంగతి, ఎగిరే ఫోమ్ విమానాల సంగతి చివర్లో కొద్దిగా చెబుతాను.

ముందు కడగండి, తరువాతే చూడండి

కోరాపుట్ ఎర్రమట్టి దుమ్ము సన్నగా ఉంటుంది, గరుకుగానూ ఉంటుంది. వంటింటి నూనె ఆవిరితో కలిస్తే రంగుకు అతుక్కుపోతుంది. పొడి గుడ్డతో తుడిస్తే ఆ మట్టే రంగును గీస్తుంది. అందుకే మొదట మెత్తని వెడల్పాటి బ్రష్షుతో పైపైన దులపండి. తరువాత గోరువెచ్చని నీటిలో రెండు మూడు చుక్కలు గిన్నెలు తోమే ద్రవం కలిపి, కాటన్ బడ్‌ను తడిపి పిండి, చిన్న చిన్న భాగాలుగా తుడవండి. డీకాల్స్ మీద, అంటే వైమానిక దళం చక్రపు గుర్తులు, అంకెలు ముద్రించిన పల్చని పొరల మీద, రుద్దకుండా అద్దినట్టు తుడవాలి. చివరగా మంచినీటితో తడిపిన బడ్‌తో సబ్బు తీసేసి, నీడలో పూర్తిగా ఆరనివ్వండి.

చాలాసార్లు ఈ దశలోనే సగం సమస్య తీరిపోతుంది. రంగు వెలిసిందని అనుకున్నది నూనె పొర అని తేలుతుంది.

దెబ్బ ఎంత లోతుకు వెళ్లింది?

కిటికీ దగ్గర విమానాన్ని ఏటవాలుగా పట్టుకుని చూడండి. గీత పైపూతలోనే ఉంటే నీళ్లతో తడిపినప్పుడు మాయమై, ఆరాక మళ్లీ కనిపిస్తుంది. అలాంటిదానికి రంగు అవసరం లేదు, కొత్తగా క్లియర్ కోటు, అంటే రంగులేని పైపూత, వేస్తే చాలు. గీతలో వేరే రంగు కనిపిస్తే దెబ్బ రంగు కింద వేసే ప్రైమర్ దాకానో, ప్లాస్టిక్ దాకానో వెళ్లిందన్నమాట. పెచ్చు లేచి ఉంటే, దాని చుట్టూ మాస్కింగ్ టేపు తేలికగా అతికించి లాగి చూడండి. ఇంకా ఊడివస్తే కింద జిడ్డు ఉండగానే రంగు వేశారని అర్థం. అప్పుడు ఊడగలిగినదంతా ఊడనివ్వండి. పట్టులేని పాత రంగు మీద కొత్త రంగు వేస్తే రెండూ కలిసి ఊడిపోతాయి.

విమానంలో మూడో వంతు కంటే ఎక్కువ ఇలా ఊడిపోతుంటే అతుకులు వేయడం కంటే మొత్తం రంగు తీసేసి మళ్లీ వేయడమే మేలు. ఆ పని వేరు. ఇప్పుడు మనం మాట్లాడుతున్నది అక్కడక్కడా తగిలిన దెబ్బల గురించి.

అసలు ఆ రంగు ఏమిటో తెలుసుకోండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడ పెట్టమని నా గట్టి మాట. పాత రంగు ఏ జాతిదో తెలియకుండా కొత్త సీసా మూత తీయకండి. మోడళ్లకు వాడే రంగులు మూడు జాతులు. నీటితోనో ఆల్కహాల్‌తోనో పలుచన చేసే ఆక్రిలిక్, టర్పెంటైన్‌తో పలుచన చేసే ఎనామెల్, ఘాటు థిన్నర్‌తో పలుచన చేసే లాకర్. తమియా చిన్న సీసాల్లో ఆక్రిలిక్ అని రాసినవి, వల్లెహో చుక్కల సీసాలు ఆక్రిలిక్. హంబ్రోల్ చిన్న రేకు డబ్బాలు ఎనామెల్. మిస్టర్ కలర్ సీసాలు, కార్లకు వాడే స్ప్రే డబ్బాల్లో చాలావరకు లాకర్ జాతివి.

ఎవరో ఎప్పుడో వేసిన రంగైతే పరీక్ష చేయాలి. చక్రాలు ముడుచుకునే గుంట లోపలో, రెక్క కింద కనిపించని చోటో ఎంచుకోండి. మందుల దుకాణంలో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కాటన్ బడ్ ముంచి అర నిమిషం మెల్లగా రుద్దండి. రంగు బడ్‌కు అంటితే అది ఆక్రిలిక్. అంటకపోతే మరో చోట టర్పెంటైన్‌తో అదే పని చేయండి. అప్పుడు అంటితే ఎనామెల్. రెండింటికీ కదలకపోతే అది లాకర్ కావచ్చు, ఏళ్ల తరబడి గట్టిపడిన ఎనామెల్ కూడా కావచ్చు. ఒక్క జాగ్రత్త: పైన క్లియర్ కోటు ఉంటే మీరు పరీక్షిస్తున్నది దాన్నే. గుంటల లోపల సాధారణంగా క్లియర్ కోటు పడదు కాబట్టే అక్కడ చూడమన్నాను.

ఇదంతా ఎందుకంటే, లాకర్‌లోని ఘాటు ద్రావణి కింద ఉన్న ఎనామెల్‌ను ఉబ్బించి ముడతలు పెడుతుంది. గీత పోగొట్టబోయి రెక్క మొత్తం పాడుచేసుకుంటారు. దీనికి విరుగుడు ఏమిటంటే, బాగా గట్టిపడిన ఏ రంగు మీదైనా పలుచని ఆక్రిలిక్ పొరలు వేయవచ్చు. అనుమానం ఉన్నప్పుడు ఆక్రిలిక్ వైపే మొగ్గండి. గట్టిపడిన ఆక్రిలిక్ మీద, లాకర్ మీద ఎనామెల్ కూడా నిలుస్తుంది. ఎనామెల్ మీద లాకర్ మాత్రం వద్దు.

రంగు పని చేసే కార్ల షెడ్డులో సాయం అడిగేవారికి మరో మాట. అక్కడి ఎన్‌సి (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ కార్ల రేకుకు సరిపోతుంది. మన మోడల్ పాలీస్టైరిన్ ప్లాస్టిక్. థిన్నర్ నేరుగా తగిలితే ప్లాస్టిక్ కరిగి, ప్యానెల్ గీతలన్నీ, అంటే విమానం రేకుల అతుకులను చూపే సన్నని గాడులన్నీ, అలికినట్టు అయిపోతాయి. దాన్ని తిరిగి తేలేరు.

కావలసినవి, దొరికే చోట్లు

వాటర్ పేపర్ (తడిపి రుద్దే సాన కాగితం) 600, 1000, 1500, 2000 నంబర్లవి హార్డ్‌వేర్ దుకాణంలోనో కార్ల రంగుల దుకాణంలోనో దొరుకుతాయి. సూది లేని సిరంజి, కాటన్ బడ్స్, ఆల్కహాల్ మందుల దుకాణంలో. సున్నా, రెండు నంబర్ల మెత్తని బ్రష్షులు స్టేషనరీ దుకాణంలో. మోడల్ రంగులు, ప్రైమర్, డీకాల్స్ మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, లేదా విశాఖపట్నం వెళ్లేవారితో చెప్పి తెప్పించుకోవాలి. బట్టల మీద, కుండల మీద వేసే చేతిపనుల ఆక్రిలిక్ రంగులు ఇక్కడే దొరుకుతాయి, చవక కూడా. కానీ వాటి రేణువులు పెద్దవి. నున్నని ప్లాస్టిక్ మీద మందంగా పడి గోటికి ఊడివస్తాయి. విమానం పైభాగానికి వాటిని వాడకండి.

గాలిని చూసి రోజు ఎంచుకోండి

మైదాన ప్రాంతాల వారు రాసిన సలహాలు కోరాపుట్ కొండల్లో యథాతథంగా పనిచేయవు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ మబ్బు ఇంట్లోకి వచ్చినట్టే ఉంటుంది. శీతాకాలపు ఉదయాల్లో మంచు. లాకర్ గానీ స్ప్రే క్లియర్ కోటు గానీ వేసినప్పుడు ద్రావణి త్వరగా ఆవిరై, ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ చల్లని పొర మీద నీరు చేరి, రంగు తెల్లబారుతుంది. నీటి ఆక్రిలిక్‌కు ఈ గొడవ లేదు గానీ, ఆరడం బాగా ఆలస్యమవుతుంది. పైకి ఆరినట్టు కనిపించి లోపల మెత్తగా ఉంటుంది.

తేమను చూపే చిన్న డిజిటల్ మీటరు ఒకటి కొనుక్కోండి, ఖరీదైనదేమీ కాదు. గదిలో తేమ 70 శాతం దాటితే స్ప్రే పని వాయిదా వేయండి. శీతాకాలంలో మంచు విడిపోయాక పదకొండు నుంచి మూడు గంటల మధ్య మంచి వేళ. అప్పుడు కూడా స్ప్రే డబ్బా చల్లగా ఉంటే, గోరువెచ్చని నీటి గిన్నెలో కొద్దిసేపు నిలబెట్టి తీస్తే ధార సన్నగా, సమంగా వస్తుంది. పొయ్యి మీద, హీటరు దగ్గర డబ్బాను ఎప్పుడూ పెట్టకండి.

వానాకాలంలోనే చేయక తప్పదంటే ఆరబెట్టడానికి ఒక పెట్టె చేసుకోండి. పెద్ద అట్టపెట్టెకు పైన, కింద గాలి రంధ్రాలు చేసి, ఒక మూల 40 వాట్ల పాతకాలపు బల్బు అట్టకు తగలకుండా అమర్చి, విమానాన్ని రెండో మూల ఉంచండి. లోపల థర్మామీటరు పెట్టి 40 డిగ్రీలు దాటకుండా చూడండి. అంతకంటే వేడెక్కితే పల్చని రెక్కలు వంకరపోయే ప్రమాదం ఉంది. తడి రంగు ఆవిరి ఇంకా వస్తుండగా దీనిలో పెట్టవద్దు. ముందు ఒక గంట బయట ఆరనిచ్చి అప్పుడు పెట్టండి. మీరు ఇంట్లో ఉన్నంతసేపే బల్బు వెలగనివ్వండి.

స్ప్రే చేసే గదిలో దేవుడి దీపం, అగరుబత్తి, గ్యాస్ పొయ్యి ఏవీ వెలుగుతూ ఉండకూడదు. కిటికీలు తెరిచి, ముఖానికి ఆవిరిని అడ్డుకునే మాస్కు పెట్టుకోండి. గుడ్డ మాస్కు ద్రావణుల ఆవిరిని ఆపదు.

అంచు తీయడం, గుంట నింపడం

పెచ్చు ఊడిన చోట పాత రంగు అంచు చిన్న మెట్టులా మిగులుతుంది. దాని మీద ఎంత రంగు వేసినా ఆ మెట్టు కనిపిస్తూనే ఉంటుంది. 600 నంబరు వాటర్ పేపర్‌ను గోరంత ముక్క కత్తిరించి, సబ్బునీటిలో తడిపి, దెబ్బ మధ్య నుంచి బయటికి తేలికగా రుద్దండి. తరువాత 1000తో. వేలితో తడిమితే మెట్టు తెలియకూడదు. మీ వేలు మీ కంటి కంటే నిజం చెబుతుంది. ప్యానెల్ గీత దగ్గరికి వచ్చినప్పుడు ఆగండి. 1/72 స్కేలులో, అంటే అసలు దానిలో 72వ వంతు సైజులో, మిగ్-21 రెక్కల మొత్తం వెడల్పు పది సెంటీమీటర్ల లోపే. అసలు విమానంలో అది 7.15 మీటర్లు. అంత చిన్నదాని మీద గీతలు ఎంత లోతుంటాయో ఊహించుకోండి, నాలుగు రుద్దులకు చెరిగిపోతాయి. చెరిగితే స్టీలు స్కేలు ఆనించి సూదితో మళ్లీ గీసుకోవచ్చు.

ప్లాస్టిక్‌లోనే గుంట పడితే మోడల్ లప్పం పల్చగా పెట్టి, ఒక రోజు ఆరనిచ్చి సానపెట్టండి. సన్నని గీతకు ఫెవిక్విక్ చుక్క కూడా పనిచేస్తుంది. అయితే దాని ఆవిరి కాక్‌పిట్ అద్దాన్ని తెల్లగా మసకబారుస్తుంది కాబట్టి అద్దం పక్కన వాడకండి. గట్టిపడిన గంటలోపే సానపెట్టండి, ఆలస్యమైతే అది ప్లాస్టిక్ కంటే గట్టిగా తయారై చుట్టూ ఉన్నదే అరిగిపోతుంది.

తరువాత ప్రైమర్. దెబ్బ తగిలిన చోటు వరకే, పల్చగా. ఆరాక 1500తో ఒకసారి తాకించి తుడవండి. ఇక్కడి నుంచి చేతికి గ్లౌజు వేసుకోండి, వేలి జిడ్డు మళ్లీ మొదటికి తెస్తుంది.

రంగు కలపడం

సీసా మీద సరైన నంబరు ఉన్నా, అది మీ విమానం రంగుతో కలవదు. పాత రంగు ఏళ్ల వెలుగుకు వెలిసి ఉంటుంది, పైపూత పసుపుబారి ఉంటుంది. కాబట్టి కలిపి తీరాలి. మిగ్-21లలో ఆధునికీకరించిన చివరి రకమైన బైసన్‌ల బూడిద ఛాయలను ఉదాహరణగా తీసుకోండి. సీసాలోని బూడిద రంగు మూల రంగు. వెలిసిన ఛాయకు తెలుపు, పసుపుబారిన ఛాయకు లేత మట్టిరంగు చుక్క. సిరంజితో చుక్కలు లెక్కపెట్టి కలపండి, లెక్క కాగితం మీద రాయండి. కలిపిన రంగును తెల్లని ప్లాస్టిక్ చెంచా మీద పూసి పూర్తిగా ఆరనివ్వండి. తడిగా ఉన్న ఛాయ చూసి నిర్ణయించవద్దు, ఆక్రిలిక్ ఆరేకొద్దీ ముదురవుతుంది. ఆరిన చెంచాను విమానం పక్కన పెట్టి పగటి వెలుగులో చూడండి. ట్యూబులైటు కింద కలిసిన రెండు బూడిద రంగులు ఎండలో విడిపోవడం మామూలే. షోకేసు ఉండే గదిలో రాత్రి కూడా ఒకసారి చూసి, రెండింటిలోనూ దగ్గరగా ఉన్న చెంచాను ఎంచుకోండి.

అచ్చంగా అదే ఛాయ దొరకకపోతే కొద్దిగా లేతగా ఉన్నదాన్ని ఎంచుకోండి. ముదురు మచ్చ కంటికి వెంటనే తగులుతుంది. లేత మచ్చ ఎండకు వెలిసినట్టు అనిపిస్తుంది. నిజమైన విమానాల మీద అలాంటి మచ్చలు ఉంటాయి కూడా.

పూయడం

దెబ్బ బియ్యపు గింజంత ఉంటే బ్రష్షు చాలు. రంగును పలుచని పాల చిక్కదనానికి తెచ్చి, దెబ్బ లోపలే చుక్క పెట్టి, అంచు దాటకుండా పరచండి. ఆరాక రెండో పొర, మూడో పొర. సగం ఆరిన రంగు మీద బ్రష్షు మళ్లీ తిప్పితే కింది పొర లేచిపోతుంది. గీతలు పడే చోట్ల బ్రష్షు ఎప్పుడూ ముక్కు నుంచి తోక వైపే నడవాలి.

దెబ్బ అంతకంటే పెద్దదైతే దాని ఆకారానికే రంగు వేయకండి. అది ఉన్న ప్యానెల్ మొత్తాన్ని, చుట్టూ ఉన్న గీతల దాకా టేపు కట్టి వేయండి. గీత దగ్గర ఛాయ మారితే కన్ను దాన్ని విమానం నిర్మాణంలో భాగంగా తీసుకుంటుంది. ప్యానెల్ మధ్యలో మారితే మరకగా చూస్తుంది. మాస్కింగ్ టేపును ముందు అరచేతికి రెండు మూడుసార్లు అంటించి, జిగురు తగ్గించి వాడండి. స్ప్రే అయితే 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం నుంచి, విమానం బయట మొదలుపెట్టి బయటే ఆపండి. మొదటి పొరకు కింద రంగు కనిపిస్తూనే ఉండాలి. ఒక్క పొరలో కప్పేయాలని చూస్తే జారుతుంది. జారితే తడిమీద తుడవకండి. రెండు మూడు రోజులు ఆరనిచ్చి 1500తో సాఫు చేసి మళ్లీ పల్చగా వేయండి. టేపును చివరి పొర కొద్దిగా ఆరాక, వెనక్కి మడిచి నెమ్మదిగా లాగాలి, పైకి ఎత్తకూడదు.

వెండి రంగు మిగ్‌లతో పని వేరు. తొలి కాలపు మిగ్-21లు లోహపు మెరుపుతోనే ఎగిరాయి, ముక్కు శంకువు, తోక కొస మాత్రం ముదురు ఆకుపచ్చ. వెండి రంగులోని లోహపు రేకులు పరుచుకునే తీరు బ్రష్షుకు ఒకలా, స్ప్రేకు ఒకలా ఉంటుంది కాబట్టి చిన్న అతుకు ఎప్పుడూ కనిపిస్తుంది. ఇక్కడ ప్యానెల్ మొత్తం వేయడం తప్ప మార్గం లేదు. మంచి విషయం ఏమిటంటే, నిజమైన విమానంలో కూడా ఒక్కో లోహపు రేకు ఒక్కో మెరుపుతో ఉంటుంది. ఛాయ కొద్దిగా తేడా వచ్చినా అసహజంగా ఉండదు.

డీకాల్స్, పైపూత

డీకాల్ చిరిగితే పాతదాని మీద రంగుతో సరిదిద్దడం సన్నని గుర్తులకు కుదరదు, కొత్తది అతికించాలి. వైమానిక దళం చక్రానికి మాత్రం అంచున చిన్న దెబ్బ తగిలితే బ్రష్షుతో దిద్దవచ్చు. వరుస మరిచిపోకండి: బయట కాషాయం, తరువాత తెలుపు, మధ్యలో ఆకుపచ్చ. కొత్త డీకాల్ అతికించే చోట ముందు నిగనిగలాడే క్లియర్ కోటు ఉండాలి. మెరుపులేని మ్యాట్ పూత మీద అతికిస్తే కింద గాలి బుడగలు చిక్కుకుని పొర అంచు వెండిలా మెరుస్తుంది.

చివర్లో కొత్త రంగుకూ పాత రంగుకూ మెరుపులో తేడా ఉంటుంది. రంగు ఎంత బాగా కలిసినా ఈ తేడా వల్లే అతుకు బయటపడుతుంది. అందుకే చివరి క్లియర్ కోటును అతుకు మీద మాత్రమే కాకుండా ఆ రెక్క మొత్తానికో, వీలైతే విమానం మొత్తానికో పల్చగా వేయండి. కాక్‌పిట్ అద్దం మీద టేపు కట్టడం మరవకండి. రంగు వాసన పూర్తిగా పోయాకే పైపూత వేయాలి. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన వస్తోందంటే లోపల ఇంకా ఆరలేదు. ఎనామెల్‌కు ఇక్కడి వానాకాలంలో వారం దాటినా వింత లేదు.

మ్యాట్ పూత తెల్లబారితే కంగారుపడి గీకేయకండి. పొడి రోజు చూసి, దాని మీద పల్చగా నిగనిగలాడే క్లియర్ కోటు వేస్తే చాలాసార్లు తెలుపు మాయమవుతుంది. అది ఆరాక మళ్లీ మ్యాట్ వేసుకోవచ్చు. కాక్‌పిట్ అద్దం మీది గీతలకు 2000 నంబరు కాగితంతో తడిగా రుద్ది, తెల్లని టూత్‌పేస్టుతో మెత్తని గుడ్డ మీద మెరుగు పెట్టండి. జెల్ పేస్టు పనికిరాదు.

ఇతర మోడళ్లు

లోహపు మోడళ్లకు లోహానికి పట్టే ప్రైమర్ ముందు వేయాలి, మిగతా క్రమం అంతా ఇదే. చెక్క మోడళ్లకు సానపెట్టాక సీలర్ వేయకపోతే రంగును చెక్క పీల్చేసి మచ్చ నిలుస్తుంది. థర్మకోల్ జాతి ఫోమ్‌తో చేసిన ఎగిరే విమానాలకు స్ప్రే డబ్బా దగ్గరికే రానివ్వకండి, ఫోమ్ కరిగి గుంటలు పడుతుంది. వాటికి నీటి ఆక్రిలిక్, బ్రష్షు, అంతే. ఎక్కువ పొరలు వేస్తే బరువు పెరిగి ఎగరడం మీద ప్రభావం పడుతుంది.

మరమ్మతు అయ్యాక విమానాన్ని వానకు చెమ్మగిల్లే బయటి గోడకు ఆనిన షోకేసులో పెట్టకండి. లోపల సిలికా జెల్ సంచులు రెండు ఉంచి, వాటిని నెలకోసారి ఆరబెట్టండి. కలిపిన రంగు మిగిలితే మూత గట్టిగా బిగించి, రంగు పేరు, నంబరు, చుక్కల లెక్క, తేదీ రాసిన చీటీని సీసాకు అంటించండి. అదే లెక్కను స్టాండు అడుగున కూడా రాసిపెడితే, తరువాతి దెబ్బకు చెంచాలతో మళ్లీ మొదలుపెట్టనక్కరలేదు.